పిల్లలతో మనం: కుందేలుతో మాట్లాడిన తెలుగు

దసరా కార్యక్రమం నాడు భోజనాల వరసలో పళ్ళేలు పట్టుకుని నిలబడి ఉండగా, ఈమధ్యనే మన ఊరికి వచ్చిన ఒక అమ్మాయి మమ్మల్ని పలకరించింది. వాళ్ళ బాబుకి నాలుగేళ్ళు. సెప్టెంబరులో ప్రీస్కూల్లో వేశారట. ఆరు వారాలైనా అక్కడ నోరు విప్పటం లేదట. ఇంటికొస్తే మాత్రం ఆగకుండా కబుర్లు చెబుతాడట. "టీచరు ఏమీ అనలేదండీ. మా పక్కింటావిడే అంది, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడితే తొందరగా వచ్చేస్తుందని. తెలుగు కొన్నాళ్ళు ఆపేద్దామా ఆంటీ? మీరేమంటారు అంకుల్?" అని అడిగింది. వెనక జనం తోసుకొస్తున్నారు, ముందు గారెలు అయిపోతున్నాయి. "ఆపకమ్మా" అని ఒక్క మాట చెప్పి ముందుకు కదిలాము.

అంత పెద్ద ప్రశ్నకి అంత చిన్న జవాబు చెప్పి ఊరుకోవటం బాగులేదని ఇంటికొచ్చాక అనిపించింది. ఈ నెల రాస్తున్నది ఆ మిగిలిన జవాబు. ఇందులో మా గొప్ప ఏమీ లేదని ముందే మనవి చేస్తున్నాము. మేము ఆపేసినవాళ్ళం.

మేము 1974లో ఈ దేశం వచ్చాము. మావాడు 1978లో డెట్రాయిట్ పక్కన పుట్టాడు. 1982 సెప్టెంబరులో, నాలుగేళ్ళు నిండగానే, ఒక చర్చి బేస్‌మెంటులో నడిచే ప్రీస్కూల్లో వేశాము. వారానికి మూడు రోజులు, పూటకి రెండున్నర గంటలు. మాలో ఒకరు కార్ల కంపెనీలో, ఒకరు ఆసుపత్రి ల్యాబులో. దింపటం ఒకరు, తీసుకురావటం ఒకరు అని వంతులు వేసుకున్నాము. అంతటితో మా బాధ్యత తీరిందనుకున్నాము.

అలా అనుకోవటంలో మేము పెరిగిన తీరుకి కూడా కొంత భాగం ఉంది. మాలో ఒకరిది తెనాలి, ఒకరిది రాజమండ్రి. మా నాన్నగార్లు మా బళ్ళకి వచ్చినది చెరొక్కసారి. పళ్ళెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం చేయించి, పలకా బలపం చేతికిచ్చి, పిల్లలందరికీ పప్పు బెల్లాలు పంచి, "కళ్ళు రెండూ వదిలిపెట్టి మిగతా ఒళ్ళంతా మీ ఇష్టం మాస్టారూ" అని అప్పగించి వెళ్ళిపోయారు. బడి గడప బడిది, ఇంటి గడప ఇంటిది. తండ్రిని బడికి పిలిపించారంటే పిల్లవాడు ఏదో ఘనకార్యం చేసి ఉండాలి. అందుకని ఇక్కడి బడివాళ్ళు "మీరూ వచ్చి క్లాసులో కూర్చోండి" అన్నప్పుడు అది మర్యాదకి అన్న మాట అనుకున్నాము, మనం గుమ్మంలోకి వచ్చినవాళ్ళని "భోంచేసి వెళ్ళండి" అన్నట్టు.

అది మర్యాద మాట కాదు. 1916లోనే షికాగో విశ్వవిద్యాలయం అధ్యాపకుల భార్యలు కొందరు కలిసి, తామే వంతులవారీగా పని చేస్తూ ఒక నర్సరీ బడి పెట్టుకున్నారు. ఆ తరవాత తల్లిదండ్రులు చేయీ చేయీ కలిపి నడుపుకునే కోఆపరేటివ్ ప్రీస్కూళ్ళు ఈ దేశంలో చాలా వచ్చాయి. 1965లో ప్రభుత్వం బీద పిల్లల కోసం హెడ్‌స్టార్ట్ మొదలుపెట్టినప్పుడు కూడా తల్లిదండ్రులకి అందులో చోటు ఉండాలని పెట్టుకున్నారు. మావాడి బడి కూడా ఆ కోవలోదే. నెలకొక పూట ప్రతి ఇంటినుంచీ ఒకరు వెళ్ళి సాయం చెయ్యాలి. మా వంతు వచ్చినప్పుడల్లా ఆఫీసులో పని ఉందని చెప్పి, మాకు బదులుగా రెండు డబ్బాల గ్రాహం బిస్కట్లూ ఒక పెద్ద సీసా యాపిల్ జ్యూసూ పంపేవాళ్ళం. పని ఉన్నమాట నిజమే. అసలు సంగతి మాత్రం భయం. ఆ తల్లుల మధ్య, ఆ పిల్లల మధ్య మా ఇంగ్లీషు వేసుకుని ఏం చెయ్యాలో తెలియక.

ఇంటి దగ్గర మాత్రం తక్కువ శ్రద్ధ తీసుకున్నామని ఎవరూ అనలేరు. బడిలో వేసేనాటికే మావాడికి ఏ నుంచి జెడ్ దాకా, వంద వరకూ అంకెలు, ఇరవై రాష్ట్రాల రాజధానులు నేర్పించాము. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ నిలబెట్టి అప్పజెప్పించాము కూడా. మొదటివారం టీచరు అవేవీ అడగలేదు. కోటు తనంతట తాను వేసుకుంటాడా, జిప్పు పెట్టుకుంటాడా, బూట్లు ఎక్కించుకుంటాడా, చేతులు కడుక్కుంటాడా, బాత్రూముకి వెళ్ళాలంటే చెబుతాడా అని అడిగింది. ఒక్కటీ నేర్పలేదు. కోటు తొడిగేదీ మేమే, బూట్లు ఎక్కించేదీ మేమే, అన్నం కలిపి పెట్టేదీ మేమే. మిషిగన్లో నవంబరు నుంచి మార్చి దాకా పన్నెండుమంది పిల్లలకి మంచు బట్టలు వేసి బయటికి పంపాలంటే ఒక్క టీచరు వల్ల అయ్యే పని కాదు. మావాడు చేతులు రెండూ చాపి నిలబడేవాడట, ఎవరో వచ్చి తొడుగుతారని.

కోటు సంగతి వచ్చింది గనక, ఆ బడిలో తరవాత మేము నేర్చుకున్న కిటుకు ఒకటి చెప్పేస్తాము. కోటుని నేలమీద వెల్లకిలా పరిచి, మెడభాగం పిల్లవాడి కాళ్ళ దగ్గర ఉండేలా పెట్టాలి. వాడు వంగి రెండు చేతులూ చేతుల్లో దూర్చి, అమాంతం తలమీదుగా వెనక్కి విసురుకుంటే కోటు దానంతట అదే ఒంటిమీదికి వచ్చేస్తుంది. మూడేళ్ళవాళ్ళు కూడా వారంలో నేర్చేసుకుంటారు. రాజధానులు నేర్పటానికి మాకు మూడు నెలలు పట్టింది.

ఇక మాట సంగతి. మూడో వారంలో ఒకరోజు మావాడు టీచరు దగ్గరికి వెళ్ళి "ఒంటికి వస్తోంది" అన్నాడట. ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ అన్నాడు. ఆవిడ నవ్వి, తల నిమిరి, చేతికి ఒక క్రేయాను ఇచ్చింది. తరవాత ఏమైందో చెప్పక్కరలేదు. ఆ మధ్యాహ్నం మావాణ్ణి బడి దగ్గర ఉంచుకున్న వేరే పిల్లవాడి నిక్కరుతో, తడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో పెట్టి అప్పగించారు. చిన్నపిల్లలకి మామూలేనని టీచరు మంచిగానే అంది. మేము సిగ్గుపడి, "సారీ సారీ" అంటూ వాణ్ణి కార్లో ఎక్కించుకుని వచ్చేశాము. ఇంటికొచ్చాక వాణ్ణి అడిగితే ఇంత జరిగిందని తేలింది. మర్నాడు వెళ్ళి, "మావాడు ఈ మాట అంటే దానికి అర్థం ఇది" అని ఒక చీటీ మీద రాసి ఇచ్చి ఉంటే సరిపోయేది. ఆ ఆలోచనే రాలేదు. రాకపోగా, "బడిలో అలా అనకూడదు, బాత్రూం అనాలి" అని వాణ్ణి కోప్పడ్డాము. వాడు బాత్రూం అనే మాటా అనలేదు, ఆ మాట్కొస్తే అక్కడ ఏ మాటా అనలేదు. ఆ రోజునుంచి బడిలో నోరు మూసుకున్నాడు.

నవంబరులో కాన్ఫరెన్సు అని పిలిచారు. పదిహేను నిమిషాలు. అడుగు ఎత్తు కుర్చీలు, వాటిల్లో మేమిద్దరం మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాము. టీచరు పన్నెండు నిమిషాలు మావాడి మంచితనం గురించి చెప్పింది. బంగారం లాంటి పిల్లాడంది, బొమ్మలు సర్దుతాడంది. మాకు నూటికి నూరు మార్కులు వచ్చినట్టే ఉంది. చివర లేవబోతుండగా, "బాగా నెమ్మదస్తుడు. మీరు ఇంట్లో కూడా ఇంగ్లీషు మాట్లాడితే వాడికి తేలికవుతుందేమో" అంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక మాట: ఈ దేశంలో టీచర్లు చెప్పదలచుకున్నది చివరి మూడు నిమిషాల్లో, గొంతు తగ్గించి చెబుతారు. మంచిమాటలు విని సంతోషించి లేచిపోకండి. "ఇంకేమైనా ఉందా?" అని మీరే అడగండి.

మాకు ఆ చివరి మాట వినపడింది. టీచరు చెప్పింది, మేము తల ఊపాము. "ఎందుకలా అంటున్నారు, ఎక్కడైనా రాశారా, ఇంకేమైనా దారి ఉందా" అని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పాతకారు కొనటానికి లైబ్రరీకి వెళ్ళి కన్స్యూమర్ రిపోర్ట్స్ మూడేళ్ళ సంచికలు తిరగేసిన మనుషులం, పిల్లవాడి నోట్లో భాష తీసెయ్యమంటే సరేనని వచ్చేశాము. ఆ సాయంత్రమే మొదలుపెట్టాము.

అప్పుడు తెలిసింది మా ఇంగ్లీషు ఎంతో. ఆఫీసులో రిపోర్టులు రాసే ఇంగ్లీషు ఉంది. కమ్, ఈట్, స్లీప్, డోంట్ టచ్, హరియప్ అనే ఇంగ్లీషు ఉంది. బుజ్జగించే ఇంగ్లీషు మా దగ్గర లేదు. జ్వరం వచ్చినవాడి పక్కన కూర్చుని ఏమనాలి? దెబ్బ తగిలితే ఏమని ఊదాలి? అన్నం తిననంటే ఏమని మాయచెయ్యాలి? మా అమ్మలూ నాయనమ్మలూ మాతో అన్న మాటలన్నీ ఒక భాషలో ఉన్నాయి, ఆ భాషకి మేమే తాళం వేశాము. రాత్రిపూట కథలు మానేశాము. చందమామ సముద్రం మీద రెండు మూడు నెలలు ఆలస్యంగా వచ్చేది, దాన్ని తీసి అటక మీద పెట్టాము. ఇంట్లో చప్పుడు తగ్గింది. మేమిద్దరం వంటింట్లో తెలుగులో మాట్లాడుకుంటూ, వాడు రాగానే ఇంగ్లీషులోకి మారేవాళ్ళం. నాలుగేళ్ళవాడికి అది ఎలా కనిపించి ఉంటుందో అప్పుడు ఆలోచించలేదు.

1983 మార్చిలో ఒకరోజు తప్పించుకోవటానికి వీల్లేకపోయింది. వంతు తల్లికి ఫ్లూ, టీచరు స్వయంగా ఫోను చేసింది. మాలో ఒకరు సెలవు పెట్టి వెళ్ళారు. వెళ్ళినవారు చూసినదే ఇద్దరం ఎన్నోసార్లు చెప్పుకోవటం వల్ల ఇప్పుడు ఇద్దరం చూసినట్టే ఉంటుంది. క్లాసులో ఒక మూల బోనులో తెల్ల కుందేలు ఉండేది. పిల్లలంతా సర్కిల్ టైముకి చాప మీద చేరుతున్నారు. మావాడు మాత్రం బోను పక్కన గొంతుక్కూర్చుని, కడ్డీల్లోంచి క్యారెట్టు ముక్క లోపలికి పెడుతూ, గుసగుసగా అంటున్నాడు: "తినమ్మా. వేడిగా లేదు, ఊదేశాను. ఇది అమ్మ ముద్ద. ఇది నాన్న ముద్ద. ఇంకొక్కటే."

నాలుగు నెలలు ఇంట్లో మేము పలకని మాటలు అవి. టీచరు కూడా చూసింది. "రోజూ దానితో ఏదో చెబుతాడు, మాకు అర్థం కాదు గాని ముద్దుగా ఉంటుంది" అంది. బడిలో వాడు మాట్లాడటం లేదన్నది నిజం కాదు. వినేవాడు కుందేలు.

ఇక్కడ కథ మారిందని రాయాలని ఉంది. మారలేదు. ఆ నెలలోనే మావాడు బడిలో మూడు నాలుగు ఇంగ్లీషు మాటలు కలిపి అనటం మొదలుపెట్టాడు. టీచరు సంతోషించింది, మందు పనిచేసిందని మేమూ సంతోషించాము. పనిచేస్తున్న మందు మధ్యలో ఆపుతామా? కుందేలు సంగతి పార్టీల్లో చెప్పి నవ్వుకున్నాము.

జూన్లో మావాడి నాయనమ్మ వచ్చింది. అంతకు ముందు ఒక్కసారే, 1981లో మేము ఇండియా వెళ్ళినప్పుడు మనవణ్ణి చూసింది. అప్పుడు వాడికి రెండున్నరేళ్ళు దాటాయి, తెనాలి ఇంటి అరుగు మీద పడుకుని ఆవిడ కథ చెబుతుంటే వరసగా ఊఁ కొట్టేవాడు. ఊఁ ఆగిపోతే నిద్రపోయాడని ఆవిడకి తెలిసేది. ఈసారి సున్నుండలూ, ఆవకాయా, కొండపల్లి ఏనుగు అంబారీ పెట్టె నిండా సర్దుకుని, ఆ కథలన్నీ కూడా సర్దుకుని వచ్చింది. మొదటి రాత్రే వాణ్ణి పక్కలో వేసుకుని మొదలుపెట్టింది. వాడు కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తున్నాడు. ఊఁ లేదు. ఆవిడ ఆగి, "ఊఁ కొట్టవేరా?" అంది. వాడు మా వైపు చూసి, "వాట్ డిడ్ షీ సే?" అన్నాడు.

మేము ఏదో సర్ది చెప్పాము, బడి, టీచరు, ఇంగ్లీషు అని. ఆవిడ మమ్మల్ని ఏమీ అనలేదు. "వాడి మాట నాకు చిక్కటం లేదురా అబ్బాయ్" అంది, అంతే. ఆరు నెలలు ఉంది. ఆవిడే వాడి మాటలు కొన్ని నేర్చుకుంది, జ్యూసు, బ్లూ, అవుట్‌సైడ్. గవ్వలు తెచ్చింది గనక అష్టా చెమ్మా గీసి ఇద్దరూ ఆడుకున్నారు, దానికి భాష పెద్దగా అక్కరలేదు. వాడికి ఆవిడంటే ఇష్టమే. కాని కథలు మళ్ళీ మొదలుపెట్టలేదు. డిసెంబరులో వెళ్ళిపోయింది. 1989లో పోయింది. మధ్యలో వాడు ఆవిడకి రాసిన ఉత్తరాలు ఇంగ్లీషులో ఉండేవి, కింద మేము తెలుగు రాసి పంపేవాళ్ళం. మేము రాసినది వాడి మాట ఎంతవరకు అయిందో మాకే తెలియదు.

ఆవిడ వెళ్ళాక తెలుగు మళ్ళీ మొదలుపెట్టాము. అప్పటికి వాడికి అయిదేళ్ళు దాటాయి. మేము తెలుగులో అడిగితే వాడు ఇంగ్లీషులో జవాబు చెప్పేవాడు. ఇప్పటికీ అంతే.

టీచరు మీద మాకు కోపం లేదు. ఆ రోజుల్లో చాలామంది టీచర్లూ, కొందరు డాక్టర్లూ అదే మాట చెప్పేవారు. రెండు భాషలు ఒకేసారి పెడితే చిన్న బుర్ర తికమకపడుతుందని పాత నమ్మకం. దానికి జవాబు అప్పటికే ఇరవై ఏళ్ళ కిందట వచ్చింది. 1962లో మాంట్రియాల్లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అనే ఇద్దరు, ఫ్రెంచీ ఇంగ్లీషూ రెండూ బాగా వచ్చిన పదేళ్ళ పిల్లల్నీ ఒక భాషే వచ్చిన పిల్లల్నీ పోల్చి చూశారు. తెలివితేటల పరీక్షల్లో రెండు భాషల పిల్లలే ముందున్నారు. వాళ్ళు పిల్లల్ని ఎంచుకున్న తీరు మీద తరవాతి వాళ్ళు ప్రశ్నలు వేశారు, రెండు భాషలవల్ల తెలివి ఎంత పెరుగుతుందన్నది ఇంకా వాదంలోనే ఉంది. అది పెరిగినా పెరక్కపోయినా మాకు ఒకటే. హాని జరుగుతుందన్న పాత భయం మాత్రం నిలబడలేదు. ఇప్పుడు మాట నేర్పే వైద్యులు, మీకు ఏ భాషలో ధారాళంగా వస్తే ఆ భాషలోనే పిల్లలతో మాట్లాడమంటున్నారు. 2014లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ పుట్టినప్పటినుంచీ పిల్లలకి పుస్తకాలు పైకి చదివి వినిపించమని చెప్పింది. అది తెలుగు పుస్తకమైతే ఏమీ తక్కువ కాదు. మాకు అటక మీద పెట్టిన చందమామలు తప్ప గతి లేదు. ఇప్పుడు ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్లో చిన్నపిల్లల తెలుగు కథలు ఉచితంగా దొరుకుతున్నాయి.

అందుకని అమ్మాయ్, మీవాడు బడిలో మాట్లాడటం లేదంటే ముందు కంగారు పడకు. ఇల్లంతా ఒక భాష, బడంతా ఇంకో భాష అయినప్పుడు చాలామంది పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు, ఊరికే వింటూ కూర్చుంటారు. తరవాత విన్న ముక్కలు విన్నట్టే అంటారు, ఆ తరవాత సొంతంగా కలుపుతారు. ఇంట్లో తెలుగులో బాగా కబుర్లు చెబుతున్నాడంటున్నావు గనక భయం లేదు. ఇంట్లో తెలుగు మాటలు కూడా వయసుకి తగినట్టు రాకపోతే అది వేరే సంగతి, దాన్ని రెండు భాషల మీదికి నెట్టి ఊరుకోకూడదు. డాక్టరుకి చూపించి, ముందు చెవులు పరీక్ష చేయించాలి. జలుబు చేసి చెవిలో నీరు చేరినా ఈ వయసు పిల్లలకి సరిగ్గా వినపడదు.

రేపే ఒక అట్టముక్క తీసుకుని, మీవాడికి బడిలో అవసరమయ్యే మాటలు పది పన్నెండు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాసి టీచరుకి ఇవ్వు. నీళ్ళు, ఆకలి, చాలు, వద్దు, నొప్పి, భయం, అమ్మ ఎప్పుడొస్తుంది. బాత్రూముకి మీ ఇంట్లో ఏమంటారో అది అన్నిటికంటే పైన రాయి. టీచరు "వద్దు"ని "వాడూ" అంటుంది, అననీ. మనం వాళ్ళ మాటల్ని ఏం చేస్తున్నామో వాళ్ళు నలభై ఏళ్ళుగా ఓర్చుకుంటున్నారు. టీచరు నోట ఇంటి మాట ఒక్కటి వింటే ఆ పిల్లవాడి మొహం ఎలా మారుతుందో చూడు.

తరవాత, బాబుగారు కూడా వెళ్ళాలి. ఒక్క పూట సెలవు పెట్టి ఆ చిన్న కుర్చీలో కూర్చోవాలి. ఏం చెయ్యాలని అడగక్కరలేదు, బ్రష్షులు కడగమంటారు, జ్యూసు పొయ్యమంటారు. మనం వెళ్ళేది టీచరు మీద తనిఖీకి కాదు, మన పిల్లవాడికి మార్కులు వేయటానికీ కాదు. వాడు ఎవరి పక్కన కూర్చుంటాడో, ఎప్పుడు బిక్కమొహం వేస్తాడో, ఏ బొమ్మ దగ్గర నిలబడిపోతాడో చూస్తే, సాయంత్రం కార్లో అడగటానికి ఒక ప్రశ్న దొరుకుతుంది. "ఇవాళ ఏం నేర్చుకున్నావు" అంటే ఎవడూ చెప్పడు. మేము రోజూ అదే అడిగాము, రోజూ "నథింగ్" అన్నాడు. "ఇవాళ కుందేలుకి ఏం పెట్టావు" అని అడిగి ఉంటే చెప్పేవాడేమో.

అయిదు నిమిషాలు కూడా లేవంటారా? ఉన్నాయి. స్నానం చేయించేటప్పుడు, కోటు జిప్పు దగ్గర, అన్నం దగ్గర. తెలుగు క్లాసు అని వేరే పెట్టనక్కరలేదు, శనివారం పిల్లవాణ్ణి కూర్చోబెట్టి అఆలు దిద్దించనూ అక్కరలేదు, నాలుగేళ్ళకి. నోటినిండా మాట్లాడండి చాలు. చేతిలో ఫోను మాత్రం పక్కన పెట్టండి. ఇది మా మనవరాలి దగ్గర మేమే తిన్న చీవాట్లు.

మనవరాలి మాట వచ్చింది గనక చెప్పి ముగిస్తాము. మావాడు ఇప్పుడు ఒహాయోలో ఉంటాడు. వాడి కూతురికి నాలుగేళ్ళు. వేసవిలో పది వారాలు మా దగ్గర ఉంచారు, తెలుగులోనే మాట్లాడండని మావాడే పట్టుబట్టాడు. ఎందుకో వాడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. సెప్టెంబరులో ప్రీస్కూల్లో వేశారు. అక్కడి టీచరు మొదటి రోజే ఇంటి మాటలు రాసిమ్మని ఒక కార్డు ఇచ్చిందట. మావాడు తనకి వచ్చినవి రాసిచ్చాడు. తొమ్మిది వచ్చాయట.

కిందటి నెల ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసునుంచి ఫోను చేశాడు. సర్కిల్ టైములో పిల్ల ఉన్నట్టుండి ఏడుస్తూ కాలు పట్టుకుని ఏదో ఒకే మాట పదేపదే అందట. కార్డులో ఆ మాట లేదు. దెబ్బేమీ కనపడలేదు. టీచరు ఆ మాటని తనకి వినపడినట్టు రాసుకుని మావాడికి ఫోను చేసింది. వాడికీ తెలియలేదు. ఆవిడ రాసుకున్నది మాకు చదివి వినిపించాడు. "టిమ్రీ, ఆర్ సమ్‌థింగ్. నాన్నా, ఈజిట్ ఎ వర్డ్?"

తిమ్మిరి, అన్నాము. చాప మీద మఠం వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కింది, లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది అన్నాము. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తరవాత, కార్డులో రాసిస్తాను, స్పెల్లింగు చెప్పమన్నాడు. టి-ఐ-ఎమ్ అని మొదలుపెట్టి, "ఎమ్ములు రెండు" అన్నాము.

వచ్చే నెల లంచి డబ్బా గురించి రాస్తాము. పిల్లలకి బడికి పులిహోర కట్టి పంపినవాళ్ళు, పంపి మానేసినవాళ్ళు, ఏమైందో ఒక ముక్క రాసి ఇరవయ్యో తారీకులోగా మాకు అందేలా చూడండి. దసరా నాటి గారెలు చేసినవారెవరో తెలియదు గాని, మా వంతుకి రెండు మిగిలాయి. చాలా బాగున్నాయి.